కుడిచేతి వైపు ఫౌంటెన్

పటం చూడడం నాకు రాదు. ఈ ముక్క ఆ రోజు మైకు అందుకోకముందే అనేసి ఉంటే ఇంత కథ జరిగేది కాదు. ఉద్యోగమంతా తపాలా శాఖలో ఉత్తరాల మధ్య గడిపినవాణ్ణి. తీరా పటం ముందు నిలబడ్డాక ఉత్తరం ఎటో తెలియలేదు. పాతపట్నంలో చేసిన కొలువు కొత్త పట్నం పటానికి అక్కరకు రాలేదు. తెలియదని చెప్పడానికి క్షణం చాలు. కాని సరిగ్గా ఆ క్షణంలోనే మైకు నా చేతిలో పెట్టారు. మైకు చేతికొచ్చాక నాకు తెలియదనే మగవాడు ఇంకా పుట్టలేదని మా ఆవిడ అభిప్రాయం. ప్రజాభిప్రాయ సేకరణలో ఆ అభిప్రాయాన్ని మాత్రం ఎవరూ సేకరించలేదు.

మేముండేది శ్రీకాకుళం పట్నం అంచున. ఊరనాలో పేటనాలో నాకిప్పటికీ అయోమయమే. ఇంటి ముందు వరిమళ్ళు, ఇంటి వెనక రాళ్ళు పాతిన సైట్లు. పొద్దున్న కొక్కిరాయిలు, మధ్యాహ్నం రియల్ ఎస్టేటు వాళ్ళు వాలుతూ ఉంటారు. రిటైరయ్యాక ఇక్కడ స్థలం కొని ఇల్లు కట్టాను. ఊరికి తూర్పున బస్సులూ ఆటోలూ ఆగే మూడు రోడ్ల కూడలి ఉంది. పడమటి వైపు ఎప్పుడో మూతపడిన ఇటుకబట్టీ గుంత, దాని నిండా తుమ్మ పొదలు.

ఆ కూడలిలో, షట్టరు దించేసిన సైకిల్ షాపు ముందు, చేపలమ్మే ఆవిడ కూర్చుంటుంది. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. తెల్లారేసరికి ఆటోలో గంప దిగుతుంది, గంప వెనక ఆవిడ దిగుతుంది. ఈ ప్రాంతంలో అక్కని అప్ప అంటారు. ఊళ్ళో పెద్దా చిన్నా అందరికీ ఆవిడ అప్పే. కవ్వలు, కానాగంతలు, అదృష్టం బాగుంటే వంజరం. చేపని కత్తిపీట మీద పెట్టి, మన ముఖంలోకి చూస్తూనే ముక్కలు కోసేస్తుంది. నేను మాత్రం ప్రతిసారీ ఆవిడ వేళ్ళకేసి చూసి భయపడుతూ ఉంటాను.

మా పొలాల చుట్టుపక్కలంతా కలిపి కొత్త కాలనీ కడతారని, దాని మీద ఊరి వాళ్ళ అభిప్రాయం కావాలని బడి ఆవరణలో మీటింగు పెట్టారు. ప్లాను గీసిన కన్సల్టెన్సీ తరఫున ఒక కుర్రాయన వచ్చాడు. మంచివాడు, చెమటలు తుడుచుకుంటూనే నవ్వేవాడు. పెద్ద ఫ్లెక్సీ మీద అచ్చేసిన పటాన్ని బడి ప్రహరీ గోడకి కట్టించి చెప్పడం మొదలుపెట్టాడు. మిక్స్‌డ్ యూజ్, గ్రీన్ బఫర్, జంక్షన్ ఇంప్రూవ్‌మెంట్ అన్నాడు. జనం తలలూపారు. మరీ అంత ఒద్దికగా ఊపడం చూసి ఆయనకే అనుమానం వచ్చింది.

"సార్, మీరు పెద్దవారు. కొంచెం వీళ్ళకి అర్థమయ్యేలా చెప్తారా?" అని మైకు నాకిచ్చాడు.

పటంలో కుడివైపున నీలం రంగు గుండ్రం ఒకటి ఉంది. అది ఫౌంటెన్ అని అడిగి తెలుసుకున్నాను. నాకర్థమైంది అంతే. గోడకి ఎదురుగా నిలబడితే మా కుడిచేతి వైపు ఏముంది? ఇటుకబట్టీ గుంత. ఇంకేం, చెయ్యి చాచి గుంతకేసి చూపించాను.

"అదిగో, అక్కడ ఫౌంటెన్ వస్తుంది!"

చప్పట్లు కొట్టారు. ఉద్యోగంలో నాకెవరూ చప్పట్లు కొట్టలేదు. స్టాంపు మీద ముద్ర కొట్టిన చప్పుడు తప్ప వేరే చప్పుడు ఎరగను. అందుకని ఇంకోసారి చూపించాను.

"ఆ గుంతలో పాములు తప్ప ఏటున్నాయి? మంచిదే గదా," అన్నాడు మా పక్కింటి రైతు. వరసేమీ లేకపోయినా నేనాయన్ని మావా అంటాను.

ఇంతలో టీలొచ్చాయి. కుర్రాయన టీ గ్లాసు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని వీడియో తీస్తూ ఒక్కొక్కరినీ "ఎలా ఉందండీ?" అని అడిగాడు. బాగుంది. బాగుంది. చాలా బాగుంది. ఖాళీ గంప చంకన పెట్టుకుని చివర్న నిలబడ్డ అప్పని కూడా అడిగాడు.

"బాగున్నాది బాబూ. సల్లగ ఉంతాది," అంది అప్ప.

కుర్రాయన కారు మలుపు తిరిగిందో లేదో మావ తువ్వాలు దులిపి లేచాడు. "రోడ్డు నా మడి మజ్జిలోంచి ఎల్తాదంట, ఇన్నారేటి?" అన్నాడు. దాంతో అంతా ఒక్కసారి మొదలెట్టారు. పార్కు కడితే పశువులెక్కడ మేస్తాయని ఒకరు, కాలవ పూడ్చేస్తే వాననీళ్ళు ఎవరింట్లోకి వస్తాయని ఇంకొకరు. నాకు మతిపోయింది.

"మరి ఇందాక అందరూ బాగుందన్నారు కదా మావా?"

"టీ తాగతన్న మనిసి మొగం మీద బాగోనేదని ఎలగంతాం? మన ఊరొచ్చినోడు గదా."

"ఆయన బాగుందని రాసుకుపోయాడు!"

"రాసుకోనీ. మల్లీ వస్తాడు గదా, అప్పుడు సెప్తాం."

"అప్పుడు మాత్రం టీ ఇవ్వరా?"

మావ తల గోక్కున్నాడు. "ఇవ్వకపోతే ఎలగ?"

అప్పుడర్థమైంది, ఈ ఊళ్ళో మీటింగు కారొచ్చినప్పుడు కాదు, కారెళ్ళాక మొదలవుతుందని. అర్థమైంది కాని దాన్నేం చేసుకోవాలో తెలియలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న కవ్వల కోసం కూడలికెళ్ళాను. ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని సైకిల్ షాపు ముందు కొలుస్తున్నారు. కొలిచి, సున్నంతో నేల మీద పెద్ద గుండ్రం గీశారు. అప్ప, గంప, కత్తిపీట, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్న పిల్లి, అన్నీ గుండ్రం లోపలే ఉన్నాయి.

"ఏటి బాబూ ఇది?" అనడిగింది అప్ప.

"ఫౌంటెనండి," అన్నారు వాళ్ళు.

అప్ప నాకేసి చూసింది. "పోస్టు బాబూ, గుంతలో అన్నావు గదా?"

నేను కవ్వల సంగతి మరిచి బడికి పరిగెత్తాను. ఫ్లెక్సీ ఇంకా గోడకే ఉంది. దాని ముందు నిలబడ్డాను. పటంలో కుడివైపు తూర్పు అని అచ్చేసి ఉంది. సూర్యుడేమో నా ఎడమ భుజం మీద ఎండ కొడుతున్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పయి ఉండాలి. సూర్యుడు ఈ పనిలో నాకన్నా సీనియరు కాబట్టి ఆయన్ని వదిలేసి ఆలోచించాను. అది బడికి దక్షిణం వైపు గోడ. దానికి ఎదురుగా నిలబడితే మన కుడిచెయ్యి పడమర. పటం కుడిచెయ్యి తూర్పు. పడమటి గుంతకి నేను ప్రసాదించిన ఫౌంటెను నిజానికి తూర్పు కూడలిలో, అప్ప కూర్చునే చోట లేస్తుంది. ఆవిడ చేత బాగుందనిపించింది కూడా నేనే.

తిరిగొచ్చి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"మరి నానెక్కడ కూకోవాల?" అంది.

ఇంకో కూడలి చూసుకోవచ్చు కదా అన్నాను, తెలివి తక్కువగా. కత్తిపీట మీద చెయ్యి ఆగింది. అప్ప ముక్క కొయ్యడం ఆపగా నేను చూడడం అదే మొదలు.

"ఎవల తావు ఆలకున్నాది బాబూ. ఆవల కూడలిలో మా తోటికోడలు కూకుంతాది, బజారు కాడ మా ఊరోలే. ఒకల తావులో ఇంకోలం కూకోం. కూకుంటే ఈ గంప అక్కడ, ఆ గంప ఇక్కడ ఇసిరేసుకుంతాం." అదే తావు మీద వాళ్ళమ్మ కూడా కూర్చునేదట. తావు పోతే సముద్రంలో చేపలున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కన్సల్టెన్సీ కుర్రాయనకి ఫోను చేశాను. తప్పు నాదే, దిక్కు తప్పి చూపించాను, చేపలావిడ తావు పోతుందన్నాను.

"అయ్యో, కాని సార్, వీడియోలో ఆవిడే బాగుందన్నారు కదండీ. పోనీ రెండో మీటింగు ఉంది, అందులో చెప్పించండి," అన్నాడు.

రెండో మీటింగుకి నేనొక పథకం వేశాను. టీ తాగుతుంటే కాదనలేరు కదా, అయితే టీ ఆలస్యం చేస్తే సరి. మీటింగులకి టీ పెట్టేది మా ఇంట్లోనే కాబట్టి, నేను చెప్పేదాకా పొయ్యి వెలిగించొద్దని మా ఆవిడతో అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీ ప్లాను, మీ ఇష్టం," అంది.

మీటింగు మొదలైంది. కుర్రాయన అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. మావని మోచేత్తో పొడిచాను.

"సెప్పు మావా!"

"ఏటి సెప్పమంతావు? ఎండన పడి వచ్చినోడికి గుక్కెడు టీ పొయ్యకుండా తగువేటి? మరేదా అది?"

టీ లేకపోతే మర్యాద కాదు కనక మాట్లాడరు. టీ ఉంటే మర్యాద కనక మాట్లాడరు. ఈ ముడి ఎక్కడ విప్పాలో తెలియక నేనే వెళ్ళి టీలు తెచ్చాను. టీ గ్లాసులు చేతికందగానే మళ్ళీ మొదలైంది. బాగుంది. బాగుంది. నేను తల పట్టుకున్నాను.

కుర్రాయన బ్యాగు సర్దుకుని లేచాడు. అప్పుడు మావ కూడా లేచాడు. "ఎల్లిపోతన్నావు గదా బాబూ, మరి ఇప్పుడు సెప్పొచ్చు. అప్ప కూకున్న కాడ ఆ ఫౌంటేను వొద్దు. ఆ గుంతలో ఎట్టుకో. పోస్టు బాబు సెప్పిందే బాగున్నాది."

నేను తప్పు చూపించిందే ఊరికి సరైందిగా కనిపించిందన్నమాట. సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకునేలోగా కుర్రాయన అడిగాడు: "ఆవిడ ఈ ఊరివారేనాండీ?"

అప్పే చెప్పింది. "కాదు బాబూ. నాది సముద్రపొడ్డు."

"అదండీ ఇబ్బంది. మాకు స్థానికుల అభిప్రాయాలే తీసుకోమన్నారు. ఈవిడది ఏ కాలమ్‌లో రాయను?" అని నిజంగానే బాధపడ్డాడు. "మీరు స్థానికులే కదా సార్?"

అవునన్నాను. ఆధార్‌లో చిరునామా మార్పించుకున్నాను, ఇంటిపన్ను కడుతున్నాను. కాని సామాను బండితో మొదటిసారి ఈ ఊళ్ళోకి వచ్చిన రోజు నా సొంత స్థలానికి దారి తెలియక కూడలిలో ఆగితే, చేపల కత్తితో అటు చూపించింది అప్పే. దారి అడిగినవాడు స్థానికుడు, దారి చూపిన ఆవిడ కాదు. స్థానికుడంటే స్థానం ఉన్నవాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈ చిక్కు కుర్రాయనకి చెబుదామనుకున్నాను కాని నాకే సరిగ్గా అర్థం కానిది ఇంకొకరికి చెప్పి ఒకసారి ఏం చేశానో గుర్తొచ్చి ఊరుకున్నాను.

అప్ప అంతలోనే, "నిజవే గదా. బాబుది మాత్రం తప్పేటున్నాది," అని ఆయన్నే ఓదార్చింది.

వెళ్తూ వెళ్తూ కుర్రాయన ఫ్లెక్సీ విప్పించి చుట్టి నా చేతికిచ్చాడు. "దీన్ని జనం ఎక్కువ చూసే చోట కట్టించండి సార్. అభ్యంతరాల గడువు అయ్యేదాకా ఉండాలి. కట్టించి ఒక ఫోటో పంపండి, ఫైల్లో పెట్టాలి."

జనం ఎక్కువ చూసే చోటు. ఆ రాత్రంతా ఆలోచించానని చెబితే అబద్ధం. గేటు తీసుకుని ఇంట్లోకి వచ్చేలోపే తట్టింది.

మర్నాడు మావా, నేనూ రెండు వెదురు బొంగులు పట్టుకెళ్ళాం. ఫ్లెక్సీ ఒక అంచుని సైకిల్ షాపు షట్టరు పైన కొక్కేలకి కట్టాం, రెండో అంచుని బొంగులకి కట్టాం. బొమ్మ కిందికి వచ్చేలా చూశాం, చేపల కోసం వంగినవాళ్ళు తలెత్తితే కనబడాలి కదా. రోడ్లు, పార్కులు, కాలవలు, మొత్తం కొత్త కాలనీ అప్పకి నీడయింది. నీలం గుండ్రం సరిగ్గా ఆవిడ నెత్తి మీదికి వచ్చింది. ఈసారి దిక్కు తప్పలేదు.

"ఎలగున్నాది అప్పా?" అనడిగాడు మావ.

అప్ప పైకి చూసింది. "బాగున్నాది. సల్లగ ఉన్నాది," అంది. ఇది టీ బాగుందో, నిజం బాగుందో నాకు తెలియలేదు. ఆవిడ చేతిలో గ్లాసైతే లేదు.

నేల మీద కూర్చుని ఫోటో తీశాను. పైన పటం, పటం కింద అప్ప, అప్ప చుట్టూ సంచులు పట్టుకున్న ఊరు. పంపాను.

సాయంత్రానికి కుర్రాయన నుంచి మెసేజ్ వచ్చింది: "థాంక్యూ సార్. ఫైల్లో పెట్టాలి కదా, ఫోటోలో ఆ చేపలావిడ లేకుండా ఇంకొకటి తీసి పంపగలరా?"

కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ జవాబు రాశాను: "ప్రయత్నించాను బాబూ. ఎటునుంచి తీసినా ఆవిడ అక్కడే ఉంటున్నారు."