రెండో బ్రేకు మీద వెలుగు

కారు నేర్పడంలో తనంతటివాడు లేడని డ్రైవింగ్ మాస్టారికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం కూతురికి మాత్రం లేదు. ఒకప్పుడు ఉండేది. తండ్రి దగ్గరే నేర్చుకుని లైసెన్సు పరీక్షకు వెళ్ళింది. ఎత్తు మీద ఆపిన బండిని ముందుకు పోనిమ్మంటే అది ఇంజను ఆగిపోయి వెనక్కి జారింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా "ఇంక నీ పక్కన కూర్చుని నేర్చుకోను నాన్నా" అని చెప్పేసి, రెండు వీధుల అవతల కొత్తగా పెట్టిన డ్రైవింగ్ స్కూల్లో చేరిపోయింది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. వంటమాస్టరు ఇంటికి హోటలు నుంచి క్యారేజీ వచ్చినట్టే కదా ఇది! పిల్ల రెండోసారి పరీక్షకు వెళ్ళేలోగా ఎలాగైనా మళ్ళీ తన కారెక్కించాలని పట్టుబట్టారు. తప్పు ఎక్కడ జరిగిందా అని తీరిగ్గా ఆలోచించారు. తన పాఠంలో జరిగి ఉంటుందన్న ఊహ ఆ చుట్టుపక్కలకైనా రాలేదు. తప్పంతా కారుదేనని తేల్చారు. కొత్త స్కూలు కారులో కాళ్ళ దగ్గర నీలం లైట్లుంటాయని, అవి తనకెంతో నచ్చాయని కూతురు తల్లితో చెప్పడం ఆయన చెవిన పడింది.

"ఓస్, ఇంతేనా!" అనుకుని ఎల్ఈడీ స్ట్రిప్పులు కొనుక్కొచ్చారు. ఇన్నేళ్ళు కార్లతో బతికినవాడు లైట్లు పెట్టించుకోవడానికి ఇంకొకడి దగ్గరికి వెళ్ళడం నామోషీ అనిపించింది. ఫోన్లో వీడియో పెట్టుకుని, తల డాష్‌బోర్డు కిందికి దూర్చి, కాళ్ళు తలుపులోంచి బయటికి చాపి తలకిందులుగా పడుకున్నారు. వీడియోలో మనిషికి పొట్ట లేదు. మాస్టారికి ఉంది. దుమ్ము తుడవకుండా అంటించిన స్ట్రిప్పు ఊడి ముక్కు మీద పడింది. తిట్టుకుంటూ తుడిచి మళ్ళీ అంటించారు. పెడళ్ళకు తగలకుండా వైర్లు పైకి కట్టి, కారు తాళం తిప్పితేనే వెలిగేలా ఫ్యూజు దగ్గర కలిపారు.

"ఏవండీ, ఉన్నారా? పక్కింటావిడ మీ కాళ్ళు చూసి కంగారు పడుతోంది!" అని గుమ్మంలోంచి భార్య కేకేసింది.

"నాకేం, దివ్యంగా ఉన్నాను!" అన్నారు మాస్టారు, పట్టేసిన మెడ కదపకుండానే.

పొద్దుగూకే వేళకి పని పూర్తయింది. తాళం తిప్పగానే రెండు సీట్ల ముందూ నేలంతా నీలంగా వెలిగింది. మాస్టారు మీసం దువ్వుకున్నారు.

ఆ వెలుగులో మొదటి పాఠం బ్యాంకు మేనేజరమ్మకి. నేర్పే కారు కాబట్టి మాస్టారి వైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. మలుపు తిరిగి బండి ఆపాక మేనేజరమ్మ లైట్లు చూద్దామని వంగి, అలాగే ఉండిపోయింది. మాస్టారి కాళ్ళు రెండూ ఇంకా పెడళ్ళను అదిమిపెట్టే ఉన్నాయి.

"మాస్టారూ, బండి ఆపింది మీరా?"

"అబ్బే, ఊరికే... అలవాటండీ."

"నాకు బాగా వచ్చేసిందని మా ఆయనకి కూడా చెప్పేశానండీ!" అని ఆవిడ బండి దిగి, నడిచి ఇంటికి వెళ్ళిపోయింది.

మాస్టారు బండిలోనే కూర్చుండిపోయారు. పరీక్షలో కూతురికిచ్చిన కారుకి రెండో బ్రేకు లేదు. రెండో క్లచ్చూ లేదు. ఇన్నాళ్ళూ ఎత్తు మీద బండి జారకుండా చూసింది పిల్ల కాదు, తన కాళ్ళు. 'పరీక్ష తప్పింది నేనన్నమాట! ఆహా, ఏం మొనగాణ్ణిరా! నా గుట్టు రట్టు చేసుకోవడానికి లైట్లు కొని మరీ బిగించుకున్నాను' అనుకున్నారు. నవ్వొచ్చింది. ఆ వెంటనే పిల్ల ముఖం గుర్తొచ్చి చచ్చేంత సిగ్గేసింది.

ఇంటికెళ్ళి కూతుర్ని బయటికి పిలిచి, కారు తాళం తిప్పి, తలుపు తీసి తన వైపు పెడళ్ళ మీద వెలుగు చూపించారు. "ఆ రోజు బండి జారింది నావల్లేనమ్మా. నీ బదులు నేను తొక్కుతూ వచ్చాను" అన్నారు.

"నాకు తెలుసు నాన్నా. అక్కడ ఈ లైట్లు నచ్చింది అందుకే. ఆ స్కూలు సారు కాళ్ళు కదపట్లేదని కనపడుతుంది" అంది కూతురు. ఆ వెలుగులోకి ఒకసారి తొంగిచూసి, "సరే, ఎక్కుతా. నువ్వు మాత్రం కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవాలి. హ్యాండు బ్రేకు నీ చేతికి అందుతుందిగా, చాలు" అంది.

మాస్టారు చెప్పులు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకుని, ఆ పొట్టకి అడ్డంగా బెల్టు పెట్టుకున్నారు. బండి వంతెన ఎక్కే దారిలో ఎర్రలైటు దగ్గర ఆగింది. పచ్చలైటు పడగానే వెనక వ్యాను హారను మోగించింది. బండి జానెడు వెనక్కి జారింది. మాస్టారి కుడికాలు తనంతట తానే కిందికి దిగబోయింది. దాన్ని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచేయి హ్యాండు బ్రేకు మీద ఆనించి, ఊపిరి బిగబట్టారు. భయం వేసింది. అయినా బ్రేకు లాగలేదు. కూతురు పెదవి కొరుక్కుంటూ క్లచ్చు మెల్లగా వదిలింది. ఇంజను వణికింది, ఆగలేదు. బండి నిదానంగా వంతెనెక్కింది.

అవతలి వైపు దిగాక బండి పక్కకి ఆపింది. మాస్టారి కాళ్ళు తిమ్మిరెక్కి కదలనంటున్నాయి. చొక్కా తడిసిపోయింది.

"నేనే నడిపాను కదా నాన్నా?" అంది.

"నువ్వేనమ్మా" అన్నారు మాస్టారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన ఎంతమందికి చెప్పారో లెక్కలేదు. నిజం చెప్పింది మాత్రం కూతురికే.