గుండు విసిరిన అక్క

బెంగళూరులో నేను నర్సుగా చేరిన వార్డులో ఆమెను అందరం అక్కా అని పిలిచేవాళ్లం. అనంతపురం వైపు నుంచి కూలికి వచ్చి, బ్రూక్‌ఫీల్డ్‌లో కడుతున్న భవనం మీద నుంచి పడింది. నడుము కింద స్పర్శ పోయింది. చక్రాల కుర్చీని ఎవరైనా వెనక నుంచి నెట్టబోతే, "చెయ్యి తియ్యప్పా, నేనే పోతా" అనేది.

ఒకరోజు వ్యాయామం చేయించే డాక్టరు ఆమెకొక సంగతి చెప్పాడు. వికలాంగుల ప్రపంచ పోటీలు ఇలాంటి వార్డు నుంచే పుట్టాయట, యుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల కోసం, ఇంగ్లండులో.

"అయితే మన వార్డుకేం తక్కువుండాది సార్?" అంది అక్క.

మర్నాడే కుర్చీలో కూర్చుని, ఆ పోటీల్లో ఒకటైన ఇనుప గుండు విసరడం మొదలుపెట్టింది. భుజం వాచినా ఆపలేదు. కొన్నేళ్లకు దేశం తరఫున విదేశంలో పోటీకి వెళ్లింది. నాలుగో స్థానం వచ్చింది, పతకం రాలేదు.

తిరిగొచ్చాక వార్డులో సన్మానం చేశాం. ఒక విలేకరి మైకు చాచి, "పడిన రోజు గుర్తొస్తే ఏడుపొస్తుందా అమ్మా?" అని జాలిగా అడిగాడు. మేమంతా తలలు దించుకున్నాం. అక్క మాత్రం అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"ఎట్ల పడినావని అందరూ అడుగుతారు. ఎంత దూరం విసిరినావని అడుగప్పా. ఆ మాటకు జవాబు చెప్పేకే నేను అంత దూరం పోయి వచ్చినా."