ఎండకు పెట్టిన క్లారినెట్

నా భర్త పెళ్లి మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. పాతది ఇచ్చేసి నల్లకొయ్యతో చేసిన కొత్తది తెచ్చుకున్నాడు. కొత్త కొయ్య ఊపిరి తేమకు ఒక్కసారిగా ఉబ్బితే పగులుతుందట. అందుకని మొదట రోజుకు పావుగంట, తర్వాత అరగంట, అలా మూడు వారాలు మెల్లగా అలవాటు చేశాడు. ఊదగానే ముక్కలు విడదీసి, దారం కట్టిన మెత్తని గుడ్డను లోపలినుంచి లాగి తడి తీసేవాడు.

బొమ్మిడిలో ఒక పెళ్లికి వాయించాలి. పెళ్లికి ముందురోజు పొద్దున ఊది ముక్కలు విడదీశాడో లేదో, మేళం పెద్దాయన ఫోన్ చేశాడు.

"నువ్వు తుడిచి పెట్టెలో పెట్టు," అని నాకు చెప్పి బండెక్కి పోయాడు.

తుడిచాను. అయినా వేలికి తడి తగిలింది. మా ఇంట్లో కొత్త కొయ్య ఏదొచ్చినా, చపాతీ కర్ర గానీ కవ్వం గానీ, పగలకుండా నువ్వుల నూనె పట్టించి ఎండకు పెడతాం. అత్తను అడిగాను.

"కొత్త కొయ్యకి నూనె తాపల్ల గదా! ఇది కూడా నేనే చెప్పల్లనా?" అంది.

"మీ కొడుకు కసురుకుంటాడేమో అత్తా."

"వాడు పుట్టినప్పుడు వాడికీ నూనె పూసి ఎండలోనే పెట్టినాను. పగిలినాడా?"

నవ్వుకుంటూ నూనె పట్టించి, మేడ మీద పాత చీర పరిచి ముక్కలు పెట్టాను. వంటపనిలో పడి గంటన్నర మరిచాను.

వెళ్లి తాకితే చెయ్యి చురుక్కుమంది. పై ముక్క మీద, వేళ్లు పెట్టే కంతల పక్కన, వెంట్రుకంత గీత. గోరుతో గీకాను. పోలేదు. మెట్లు ఎలా దిగానో గుర్తులేదు గానీ, ఆ ముక్కను కొంగులో చుట్టుకుని వంటింటి మూల కూర్చున్నది మాత్రం బాగా గుర్తు. చల్లారితే గీత పెద్దదవుతుందేమోనని మాటిమాటికీ విప్పి చూశాను. అత్త పొయ్యి దగ్గర నుంచి నా వంక చూసింది. ఇక పరిహాసమాడలేదు.

బండి చప్పుడు వినగానే, పెట్టెలో పెట్టి మూత వేసేద్దామనిపించింది. కానీ చెప్పకపోతే? రేపు పందిట్లో, అందరి ముందూ మూగబోతే?

"ఎండకు పెట్టినాను," అన్నాను. "నూనె పూసి."

"ఎంతసేపు?"

"గంటన్నర."

తిట్టి ఉంటే బాగుండేది. నా కొంగులోని ముక్క తీసుకుని కిటికీ దగ్గరకు పోయి గీతను చూశాడు. కంతలను మూసే లోహపు మూతల కింది మెత్తలు నూనె తాగి కంతలకు అతుక్కుపోయి ఉన్నాయి. పల్చటి కాగితం ముక్కలు దూర్చి, ఒక్కో మూత నొక్కి నూనె అద్ది తీశాడు. నూనె మరకల కాగితాలు ఒక్కొక్కటీ నేను అందుకున్నాను.

"అడుగు కంత అరచేత్తో మూయి. గట్టిగా," అన్నాడు. "పగిలింటే గాలి దూరుతుంది."

మూశాను. తక్కిన కంతలన్నీ తన వేళ్లతో మూసి పైనుంచి పీల్చాడు. నా అరచేతి చర్మం లోపలికి గుంజుకుంది. మనసులో లెక్కపెట్టాను. పది దాటినా పట్టు వదల్లేదు.

"పగల్లేదా?"

"కొయ్యలోనే ఉండే చార మాదిరే ఉంది. రేపు రెండు గంటలు వాయిస్తే గదా తెలిసేది."

ముక్కలు బిగించి శ్రుతిపెట్టె పెట్టుకుని ఊదాడు. నాదం కొంచెం పైకి పోతోందని, నోటిముక్క కింది పొట్టి గొట్టాన్ని గడ్డిపోచంత బయటికి లాగి మళ్లీ ఊదాడు. కలిసింది. నాకు మాత్రం ప్రతి స్వరంలోనూ చిరుగు వినబడుతున్నట్టే ఉంది.

బొమ్మిడిలో మేళం పక్కనే కూర్చున్నాను. పెళ్లికూతురు చీర ఏ రంగని అత్త తర్వాత అడిగితే చెప్పలేకపోయాను. నా కళ్లు ఆ గీత మీదే. తాళి కట్టే వేళ గట్టిమేళం మోగింది. నా భర్త నిండా ఊపిరి పీల్చి పైస్థాయి అందుకుంటే నేను ఊపిరి బిగబట్టాను. స్వరం నిలిచింది. ఆయన వాయిద్యం దించి, వేలితో గీతను తడిమి, నా వైపు తల ఊపాడు. అప్పుడు చూసుకున్నాను, అందరూ అక్షింతలు చల్లేసినా నావి పిడికిట్లోనే చెమటకు ముద్దయిపోయి ఉన్నాయి.