కిటికీ పక్కన దిగిన కేబుల్

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో, మా పక్కింటి పై వాటాలో ఒక సార్ కిరాయికి ఉండేవారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. నల్లగొండ వాణ్నైన నాకు, ఇంట్లో పెట్టుకున్న సొంత సెట్టుతో దూరాలకు కబుర్లు పంపే హామ్ రేడియో పిచ్చి ఎక్కించింది ఆయనే.

బెజవాడలో ఉండే వాళ్ల అన్నయ్య కూడా హామే. పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయింది. ఎడమచేతి వేళ్లు మాత్రం ఆడేవి. ఆ వేళ్లతోనే, చుక్కలూ గీతలతో అక్షరాలు పంపే మోర్స్ కీ నొక్కుతూ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పంపేవారు. రోజూ పొద్దున్నే అన్నదమ్ముల కబుర్లు అట్లా టిక్కుటిక్కుమంటూ సాగేవి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. సార్ కింది వాటాలో గల్లీ అంతా అక్కా అని పిలిచే ఒకామె ఉండేది. ఆమె కొడుకు యూనివర్సిటీలో చదువుతూ ఊరేగింపుల్లో ముందుండేవాడు. పొద్దున వార్తల్లో లాఠీచార్జి అన్నారంటే ఆమె టీవీ ముందు నుంచి కదిలేది కాదు. సరిగ్గా అప్పుడే పైన సార్ కీ నొక్కేవారు. టీవీ బర్రుమనేది, బొమ్మ చెదిరిపోయేది.

"సార్, మా పోరడు యాడున్నడో సూద్దామంటే గీ మోతేంది? జర ఆపుండ్రి!" అని మెట్ల కింద నుంచి అరిచింది ఒకరోజు. ఆంధ్రాయన కావాలనే చేస్తున్నాడని గల్లీలో ఒకరిద్దరు అన్నారు. నాకు ఒళ్లు మండి వాళ్లతో తగువు పెట్టుకున్నాను.

సార్ మాత్రం, "కన్నకొడుకు కోసం చూసుకుంటోందయ్యా ఆవిడ. నేనే ఆపేస్తాను," అన్నారు.

తప్పంతా బాలన్‌ది. అంటే డాబా మీది యాంటెన్నాకూ, సార్ సెట్టు నుంచి పైకి పోయే కేబుల్‌కూ మధ్య ఉండే చిన్న డబ్బా. యాంటెన్నా తీగ ఒక కొస గల్లీ మీదికి, ఇంకో కొస ఇనుప ట్యాంకు స్టాండు పక్కకు ఉండడంతో రెండు వైపులూ సమంగా ఉండేవి కావు. ఆ పాత డబ్బా రెండు వైపులా వోల్టేజీని సమానంగా పంచేది గానీ కరెంటును కాదు. తేడా వచ్చిన కరెంటు కేబుల్ పైతొడుగు మీదుగా కిందికి దిగేది. అక్క కిటికీ పక్కన పోయే కేబులే ఇంకో యాంటెన్నా అయి కూర్చునేది.

"కేబుల్‌నే ఫెరైట్ రింగులల్ల చుట్టి పైన కడితే ఆ కరెంటు దిగే తొవ్వ బందైతది సార్," అన్నాను. ఆ నల్లటి రింగులు కోఠిలో రేడియో సామాన్ల షాపులో దొరుకుతాయి. కానీ ఒకటే బందులు. షాపు తెరిచిన రోజు బస్సు లేదు, బస్సున్న రోజు షాపు లేదు.

ఆ రోజుల్లో పొద్దున పోతే సార్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఉండేవారు. వింటే ఎవరి టీవీకీ ఇబ్బంది లేదు కదా. అవతల అన్నయ్య పిలుస్తూనే ఉండేవారు. సార్ వేళ్లు బల్ల మీద ఆడేవి, కీ జోలికి పోయేవి కావు. గల్లీలో గొడవ తెలిస్తే అన్నయ్య బెంగపెట్టుకుంటారని, సెట్టు పాడైందని వదినగారికి ఫోన్లో చెప్పారట. చూడలేక నేను లేచి వచ్చేసేవాణ్ని.

ఎట్టకేలకు రింగులు దొరికాయి. కేబుల్ చుట్టి యాంటెన్నా దగ్గరే కట్టాను. సార్ కీ నొక్కారు. "బొమ్మ మంచిగనే ఒస్తున్నది సార్! కొట్టుకోండ్రి మీరు," అని కింద నుంచి అక్క కేకేసింది. సార్ హెడ్‌ఫోన్లు తీసేసి, నాకు కూడా వినబడేలా స్పీకర్ పెట్టి అన్నయ్యను పిలిచారు.

వెంటనే జవాబు వచ్చింది. "సెట్టు పాడైతే నువ్వు రెండు రోజుల్లో బాగుచేసుకునేవాడివి. నా చెయ్యి నెమ్మదని విసుగొచ్చిందా?"

సార్ కీ మీద చెయ్యి వేశారు గానీ ఒక్క అక్షరం కొట్టలేకపోయారు. నాకూ ఏడుపు ఆగలేదు. అవతల అన్నయ్య జవాబు కోసం ఎదురుచూసి, మళ్లీ పిలవడం మొదలుపెట్టారు.