దూరం మాత్రమే తీసే కెమెరా

దయ్యాలున్నాయనేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. దానికి కారణం నా వృత్తి. ఏలూరులో ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపాను. చనిపోయిన భర్తని పాత ఫొటోలోంచి తీసి, బతికున్న భార్య పక్కన కూర్చోబెట్టి ఇమ్మని అడిగేవారు. అలాంటివి నా చేతుల మీద వందలు తయారయ్యాయి. ఎక్కడ అతికానో నాకు తెలుసు కనుక, ఫొటోలో ఆత్మ పడిందని ఎవరైనా అంటే నవ్వొచ్చేది. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు చివరిదాకా చదివి నవ్వండి.

మా అక్కది తాడేపల్లిగూడెం. వాళ్ల మామగారు యుద్ధకాలంలో అక్కడి విమానాల రన్‌వే దగ్గర పనిచేశారు. యుద్ధం అయ్యాక సామాను వేలం వేస్తే ఒక చెక్కపెట్టె కొన్నారు. అందులో ఉన్నది విమానంలోంచి నేలని ఫొటో తీసే సైన్యం కెమెరా. రెండు పక్కలా పిడులు, ఐదారు కిలోల బరువు. అప్పటినుంచీ అది అటక మీదే ఉంది.

అక్క దాన్ని అమ్ముతానన్నది ఇంటి కోసం. స్లాబు పెచ్చులూడి మంచం మీద పడుతోంది. మా ఇంటికి వచ్చెయ్యమంటే రాదు. ఎందుకు రాదో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పదకొండేళ్ల కిందట వరదలో, ఆకివీడు దగ్గర తన చేపల చెరువు గట్టు చూసొస్తానని వెళ్లిన బావగారు తిరిగి రాలేదు. శవం దొరకలేదు. కొల్లేటినుంచి పోయే ఉప్పుటేరులో పడి సముద్రంలోకి కొట్టుకుపోయి ఉంటారన్నారు. మనిషి జాడ తెలియకపోతే పన్నెండేళ్లు ఆగి, దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయించాలంటారు మావాళ్లు. ఆ మాటెత్తితే అక్క లేచి లోపలికి వెళ్లిపోయేది. బొట్టు తీయలేదు. "ఆయనొస్తే ఈ ఇంటికే కదరా వస్తారు" అనేది.

కొంటానన్నది హైదరాబాదులో పాత కెమెరాలు సేకరించే ఒకాయన. మర్యాదస్తుడే కానీ మహా అనుమానం మనిషి. "బాడీ మీద నంబరు, లెన్స్ మీద నంబరు ఒకటే ఉండాలండి. లెన్స్ ఎవరూ కదిలించి ఉండకూడదు. ఒక నెగెటివ్ తీసి, మీ సంతకంతో పంపండి" అన్నారు.

నంబర్లు సరిపోయాయి. దాని మీదున్న బ్రిటిష్ సైన్యం కిరీటం గుర్తుని భూతద్దంలో చూశాను. అంచులు అరిగి ఉన్నాయి, కొత్తగా చెక్కింది కాదు. ఇక మిగిలింది లెన్స్. ఇలాంటి కెమెరాకి ఫోకస్ తిప్పే ఏర్పాటు ఉండదు. వేల అడుగుల ఎత్తునుంచి తీయాలి కనుక దూరానికే బిగించేస్తారు. దగ్గరున్నది ఏదైనా మసకగా పడుతుంది. దగ్గరి మనిషి స్పష్టంగా పడ్డాడంటే ఎవరో లెన్స్ విప్పి మార్చారన్నమాట. అప్పుడది పాత ఇనుము కిందే లెక్క.

దాని ఫిల్ము ఇప్పుడు దొరకదు. తెలిసిన స్కానింగ్ సెంటర్లో సీలు తీయని ఎక్స్‌రే ఫిల్ము పెట్టె ఒకటి మిగిలి ఉంటే తెచ్చి, ఎర్రలైటు కింద సైజుకి కోసుకున్నాను. కనుచూపు మేర అడ్డులేని చోటు కావాలి కనుక కొల్లేరుకి బయల్దేరాను. అక్క తనూ వస్తానంది. బావగారి చెరువు వైపు పోనివ్వలేదు, అంత తెలివితక్కువవాణ్ని కాను. దానికి రెండు మూడు కిలోమీటర్ల ఇవతలే ఆటో ఆపించాను.

ఉదయం ఎనిమిదిన్నర. పొగమంచు విడిపోయింది. గట్టు అంచున స్టూలు వేసి కెమెరా పెట్టాను. అక్కడ గట్టు నిటారుగా నీళ్లలోకి దిగిపోతుంది, ముందు మనిషి నిలబడే చోటు లేదు. మోకాళ్ల నొప్పి వల్ల అక్క ఆటోలోనే కూర్చుంది. డ్రైవరు ఆమె పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. లెన్స్ పూర్తిగా తెరిచిపెట్టి రెండు ఫొటోలు తీశాను. మధ్యలో రెండు నిమిషాలు, నల్లసంచిలో చేతులు పెట్టి ఫిల్ము మార్చడానికి పట్టినంతసేపు.

మధ్యాహ్నం ఏలూరులో కడిగాను. రెండోది చక్కగా వచ్చింది. నీళ్లు, కొంగలు, అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు. మొదటిదాంట్లో ఒక మనిషి ఉన్నాడు.

పది అడుగుల దూరంలో, నడుము పైభాగం, మనకి వీపు పెట్టి. చొక్కా నేత కనిపిస్తోంది. కుడి భుజం కింద చిరుగు, దాని మీద వంకరగా వేసిన కుట్లు లెక్కపెట్టొచ్చు. అతనికి అవతల కొబ్బరిచెట్లూ అంతే స్పష్టంగా ఉన్నాయి. పూర్తిగా తెరిచిపెట్టిన లెన్స్ ఏదీ ఆ రెండింటినీ కలిపి పట్టలేదు. పైగా ఆ పది అడుగుల్లో ఉన్నది నీళ్లే.

నిజం చెప్పాలంటే ముందు భయం వేయలేదు, ఒళ్లు మండింది. అతుకు కోసం వెతికాను. లేదు. ఫిల్ము పెట్టె సీలు నా చేత్తో తీసిందే. మళ్లీ కొల్లేరు వెళ్లి, గట్టు మీద అదే డ్రైవర్ని పది అడుగుల్లో నిలబెట్టి ఆరుసార్లు తీశాను. ఆరింట్లోనూ మసక మరక తప్ప అది మనిషని కూడా తెలియలేదు. వారం రోజులు తిండి సయించలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే స్కేలు పట్టుకుని లెన్స్ కొలవాలనిపించేది. "ఏవండీ, ఆ కెమెరానైనా పంపేయండి, నన్నైనా పుట్టింటికి పంపేయండి" అంది మా ఆవిడ.

అక్క ఫోన్ చేస్తే మొదటి ఫిల్ము పాడైందని చెప్పాను. నా గొంతులోనే అబద్ధం పట్టేసినట్టుంది, మర్నాడు బస్సెక్కి వచ్చేసింది. వేసిన ప్రింటు బల్ల మీదే ఉంది. దాచే వ్యవధి దొరకలేదు.

చాలాసేపు చూసింది. ఆ కుట్ల మీద వేలితో రాసింది.

"ఇవి నేను వేసినవేరా. ఆ రోజు తెల్లారగట్ల కరెంటు లేదు, వంకర పోయాయి. వేరే చొక్కా వేసుకోండంటే, బురదలోకే కదా అన్నారు."

ఆ కుట్ల సంగతి నాకు అంతకుముందు తెలియదు. పోలీసులకి రాసిచ్చిన కాగితంలో నీలం చొక్కా అని ఉంది, అంతే. పాత ఫిల్మని, మందుల తేడా అని నేను ఏదో సర్దిచెప్పబోయాను. అక్క వినలేదు. ఏడవలేదు కూడా.

"ఆయన అటు తిరిగి ఉన్నారు. వచ్చేవాళ్లయితే ఇటు తిరిగి ఉండాలి కదా" అంది.

నాకు ఏడుపొచ్చింది.

రెండో నెగెటివ్‌కి సంతకం పెట్టి కెమెరా పంపేశాను. మొదటిదాని సంగతి కొన్నాయనకి చెప్పలేదు. అది మోసం కిందికి వస్తుందో రాదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయన ఇది చదివితే, లెన్స్‌లో ఏ లోపమూ లేదని ఒట్టేసి చెబుతాను. ఆ మనిషి అందులో ఎలా పడ్డాడో మాత్రం నేను చెప్పలేను. నాకు తెలిసిన ఫొటో విద్య అంతా తిరగేసి చూశాను, అందులో జవాబు లేదు.

డబ్బు రాగానే తాపీమేస్త్రిని వెంటబెట్టుకుని గూడెం వెళ్లాను. అక్క గుమ్మంలోనే ఆపింది. వెనక రెండు సంచులు సర్ది ఉన్నాయి.

"స్లాబు వద్దులేరా. పన్నెండో ఏడు నిండగానే కర్మ చేయించు. మీ ఇంట్లో నాకో మంచం వెయ్యి."

అక్క ఎక్కడికి వెళ్లినా పక్కింటావిణ్ని కూర్చోబెట్టి, తలుపు తెరిపించే ఉంచేది. ఆ రోజు తనే తాళం వేసింది. ఒకసారి లాగి చూసుకుని, తాళంచెవి నా చేతిలో పెట్టి ఆటో ఎక్కింది.