ఆఖరి తట్ట ఎరువు

పరిశోధన పొలంలో అందరూ ఆయన్ని ఎరువు తాత అనేవారు. ముప్పై ఏళ్లుగా ఒకటే పని: ఒక మడికి ఏటా పశువుల ఎరువు తోలడం, పక్క మడికి ఏమీ వెయ్యకపోవడం. రెండింటి మట్టిలో తేడా చూడటానికే ఆ ఏర్పాటు.

ఒకరోజు మట్టి పరీక్షలు చేసే మేడమ్ మొహం వేలాడేసుకుని వచ్చింది.

"తాతా, ఏమీ వెయ్యని మడిలో ఒక మూల మట్టి నల్లబడింది. కర్బనం పెరిగింది, సూక్ష్మజీవులు కిటకిటలాడుతున్నాయి. మడంతా ఇలాగే ఉంటే మన ముప్పై ఏళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే."

తాత తల గోక్కున్నాడు. "ఏటా ఆఖరి తట్ట ఆ మూలే వేశానమ్మా. పక్కవాడికి కడుపునిండా వడ్డించి వీణ్ణి పస్తుంచితే పాపం కాదూ? ఇంకెక్కడా చిటికెడు వెయ్యలేదు, నా మనవరాలి మీద ఒట్టు."

మేడమ్ మిగతా మడిలో పదిచోట్ల మట్టి తీసి పరీక్షించింది. ఆ వారమంతా తాతకి అన్నం సయించలేదు. చివరికి ఆయన మాటే నిజమైంది, మిగతా మడి ఎప్పటిలాగే పాలిపోయి ఉంది. ఆమె ఆ మూల చుట్టూ గుంజలు పాతించి, 'ఏడాదికి ఒక తట్ట' అని బోర్డు పెట్టించింది.

"ఇకనుంచి ఈ మూల మన మూడో మడి. తూచి వెయ్యి తాతా."

"ముద్ద తూచి పెడతారా ఎవరైనా?" అని గొణుగుతూనే తాత తట్ట తెచ్చి కాటా మీద పెట్టాడు.