మాయమైన మమ్మీ, మా అత్తమ్మ కన్ను

మొన్న జగిత్యాలలో మా మనవరాలు ఫోన్‌లో ఏదో చదువుతూ తనలో తానే నవ్వుకుంటుంటే ఏమిటా అని తొంగి చూశాను. ఈజిప్టు ఇసుకలో సమాధులు తవ్వే అన్నాచెల్లెళ్ల కథలు! వయసులో ఉన్నప్పుడు నేను పడిచచ్చిన ఇంగ్లీషు పుస్తకాల వరుస.

సిరిసిల్ల బడిలో పంతులమ్మగా చేరిన కొత్తలో, మా చిన్నాయన హైదరాబాదు పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి వాటిని ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చేవాడు. ప్రతి పుస్తకంలోనూ ఒక దొంగతనమో హత్యో. ఊరికే అరిచే అన్న, అతనికంటే తెలివైన చెల్లెలు. హంతకుడు కత్తి పట్టుకుని ఎదురుగా నిలబడినా, ముందు ఆ కుండపెంకు మీది నుంచి కాలు తీయమని కసురుకునే మనిషి ఆమె. అలా నవ్విస్తూనే వేల ఏళ్ల నాటివాళ్లు ఏం తిన్నారో, చనిపోయినవాళ్ల పక్కన ఏమేం పెట్టారో కూడా చెప్పేసే ఆ రాతకు ఇవాళ్టికీ దండం పెట్టాలనిపిస్తుంది. శనివారాలు కోరుట్లకు, అత్తగారింటికి వెళ్లే బస్సులో చదువుతూ పైకే నవ్వేస్తే, వేములవాడలో ఎక్కిన గుండు భక్తులు నన్ను అదోలా చూసేవాళ్లు.

అప్పటికి మా అత్తమ్మ కళ్లకు పొరలు కమ్మాయి. బియ్యంలో రాళ్లు కనిపించక, ఆ మాట ఒకరితో అనిపించుకోలేక, వంటింట్లోకి రావడమే మానేసి గోడవైపు తిరిగి కూర్చునేది. ఆపరేషన్ మాటెత్తితే వణికిపోయేది. ఆ దిగులు చూడలేక ఒక ఆదివారం చేతిలో ఉన్న కథను తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. తవ్వకంలో దొరికిన మమ్మీ తెల్లారేసరికి మాయమైందనగానే ఇటు తిరిగింది.

"ఎండిన పీనుగను ఎవడెత్తుకపోయిండే? ఏం జేసుకుంటడు?"

వారం వారం కథ సాగింది, ఆమె అనుమానం వంటవాడి మీదికీ ఒంటెలవాడి మీదికీ మారుతూ వచ్చింది. చివరి అధ్యాయం ముందు ఆపేసి, మిగతాది జగిత్యాల దవాఖానలో, కంటికి కట్టు కట్టినాకే అన్నాను. మళ్లీ గోడవైపు తిరిగిపోయింది. మరుసటి శనివారం నేను వెళ్లేసరికి చీరలు సంచిలో సర్దుకుని గడప దగ్గర కూర్చుని ఉంది.

"టక్కరిదానివి బిడ్డా నువ్వు. నడువు, పోదాం. గా దొంగెవడో తెల్వాలె నాకు."

ఆపరేషనైన మర్నాడు కట్టుతో పడుకున్న ఆమెకు మెల్లగా చెబుతుంటే, చుట్టుపక్కల మంచాలవాళ్లూ చెవులొగ్గారు. ఎలుకలు కొరుకుతాయని మమ్మీని తన పక్కలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ఆ సంగతే మరిచిపోయింది అన్నగారేనని తేలేసరికి వార్డంతా గొల్లుమంది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, నవ్వకు! కుట్లు ఊడుతయ్!"

"నేనేడ నవ్వుతున్న బిడ్డా? నా కడుపు నవ్వుతుంది."

కట్టు విప్పిన రోజు అత్తమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసి, "గింత చిక్కిపోయినవేందే" అంది. రెండో కంటికి ఎవరూ బతిమాలనక్కర లేకపోయింది. ఇంకో పుస్తకం తెమ్మని తనే అడిగింది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ వరుసలో మిగిలినవన్నీ తర్వాత నేనొక్కదాన్నే చదివాను. గొప్పగానే ఉన్నాయి. కానీ మంచి పట్టులో ఉన్నప్పుడు నా చెయ్యి పట్టి ఆపి, "ఆగాగు, గాడే దొంగ" అనేవాళ్లు లేరు. అందుకే కాబోలు, ఈమధ్య పుస్తకాలు తొందరగా అయిపోతున్నాయి.